కర్మవీర్ దాదాసాహెబ్ గైక్వాడ్

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఉద్యమానికి పల్లెల్లో పునాదులు వేసిన సహచరులలో అగ్రగణ్యులు భావురావు కృష్ణాజీ గైక్వాడ్. ప్రజలు ఆయనను ప్రేమతో దాదాసాహెబ్ అని, గౌరవంతో కర్మవీర్ అని పిలుచుకున్నారు. 1902 అక్టోబరు 15న నాసిక్ జిల్లా దిండోరి తాలూకా ఆంబే గ్రామంలో, సమాజం అంటరానిదిగా ఎంచిన మహర్ కుటుంబంలో ఆయన జన్మించారు.

1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ ఆలయ ప్రవేశ సత్యాగ్రహం మొదలైంది. బాబాసాహెబ్ రౌండ్ టేబుల్ సమావేశాలకై లండన్ వెళ్లినప్పుడు స్థానికంగా పోరాటాన్ని నిలబెట్టినవారు గైక్వాడ్. ఆలయ ద్వారాలు మూసివేయగా స్త్రీపురుషులు వాటి ముందే బైఠాయించారు. శ్రీరామనవమి రథోత్సవం నాడు వారిపై రాళ్లు పడ్డాయి. ఏళ్లు గడిచినా తలుపులు తెరుచుకోలేదు. 1934 మార్చిలో బాబాసాహెబ్ ఆయనకు లేఖ వ్రాశారు. అణగారినవారిని విగ్రహారాధకులను చేయడం తన ఆశయం కాదనీ, వారిలో చైతన్యం కలిగించడానికే ఆ పోరాటమనీ, ఇకపై శక్తినంతా విద్యకూ రాజకీయాలకూ వినియోగించాలనీ సూచించారు. మరుసటి ఏట అదే జిల్లాలోని యేవలాలో, తాను హిందువుగా మరణించబోనని ప్రకటించారు. గైక్వాడ్ ఆ బాటనే నడిచారు. 1937లో బొంబాయి శాసనసభకు ఎన్నికయ్యారు. 1956లో బౌద్ధాన్ని స్వీకరించారు.

బాబాసాహెబ్ మహాపరినిర్వాణం తరువాత బాధ్యత సహచరుల భుజాలపై పడింది. 1957లో రిపబ్లికన్ పార్టీ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షులు మన కడపలో పుట్టిన ఎన్. శివరాజ్. ఆ ఏడే గైక్వాడ్ నాసిక్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1962 నుండి 1968 వరకు రాజ్యసభ సభ్యులు.

పార్లమెంటు సభ్యత్వంతో ఆయన తృప్తిపడలేదు. ఆలయ ద్వారం వద్ద నేర్చిన సత్యాగ్రహాన్ని బంజరు భూముల వైపు మళ్లించారు. 1959లో మహారాష్ట్రలోనూ, 1964 డిసెంబరు 6 నుండి దేశవ్యాప్తంగానూ భూమిలేని కూలీలు ఆ పోరాటంలో జైళ్లు నింపారు. బంజరు భూముల పంపిణీతోపాటు పార్లమెంటు సెంట్రల్ హాలులో బాబాసాహెబ్ చిత్రపటం ఉంచాలనీ, బౌద్ధులైనవారికీ షెడ్యూల్డ్ కులాల హక్కులు వర్తింపజేయాలనీ ఆ ఉద్యమం కోరింది. ధమ్మ దీక్ష తీసుకున్నందుకు పేదలు హక్కులు కోల్పోవడం నాటి నవబౌద్ధులందరి వేదన.

1971 డిసెంబరు 29న దాదాసాహెబ్ కన్నుమూశారు. చిత్రపటమూ, బౌద్ధుల హక్కులూ రెండూ 1990లో సిద్ధించాయి. ఆ హక్కును అనుభవిస్తున్న ప్రతి బౌద్ధ కుటుంబమూ ఆయనకు ఋణపడి ఉంది. మూడవ కోరికయైన భూమి మాత్రం నేటికీ ఎందరో కూలీలకు అందవలసే ఉంది.