ఎదురుకాంతిని అణచదలచిన ఎడ్విన్ ల్యాండ్

రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనపు హైబీమ్ కన్నులకు మిరుమిట్లు గొలుపుతుంది. దానిని లోబీమ్‌కు దించితే ఎదుటివారికి ఉపశమనమే గాని, దించినవారికి దారి కొద్ది దూరమే కనిపిస్తుంది. ఈ చిక్కును కాంతి స్వభావం ఆధారంగా విడదీయాలని సంకల్పించినవారు అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ ల్యాండ్. లోకం మాత్రం ఆయనను పోలరాయిడ్ కెమెరా సృష్టికర్తగానే గుర్తుంచుకొంది.

1909 మే 7న కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో జన్మించిన ల్యాండ్, 1926లో హార్వర్డ్‌లో చేరి, కొద్ది నెలలకే చదువు విడిచి న్యూయార్క్ చేరారు. పగలు గ్రంథాలయంలో పఠనం. రాత్రి కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, అనుమతి లేకుండానే, ప్రయోగాలు. కాంతిని ధ్రువీకరించే హెరపతైట్ స్ఫటికాలు అప్పటికే శాస్త్రవేత్తలకు తెలుసు. అయితే అవి పెళుసైనవి, పెద్దవిగా పెరగవు. ల్యాండ్ పెద్ద స్ఫటికం ఆశ విడిచి, అసంఖ్యాకమైన సూక్ష్మస్ఫటికాలను ఒకే దిశలో నిలిపి పలుచని పొరగా రూపొందించారు. 1929లో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. 1937లో పోలరాయిడ్ సంస్థ ఏర్పడింది.

ఆయన పథకం సరళమైనది. ప్రతి వాహనపు హెడ్‌లైట్లకు, ముందరి అద్దానికి ఆ పొరను 45 డిగ్రీల వాలుతో ఒకే దిశలో అమర్చాలి. ఎదురువాహనం ముఖం తిప్పుకొని వస్తుంది గనుక దాని పొర వాలు అడ్డంగా మారుతుంది. దాని కాంతిని చోదకుని అద్దం అడ్డుకొంటుంది. సొంత దీపాల వెలుగు మాత్రం దారిపై పడి, చాలా వరకు అద్దం గుండా తిరిగి వస్తుంది. ఇక దీపం దించవలసిన పనే ఉండదు.

కార్ల తయారీదారులను ఒప్పించేందుకు ల్యాండ్ ఏళ్ల తరబడి శ్రమించినా ఫలితం దక్కలేదు. పొర సగానికి పైగా కాంతిని మింగివేస్తుంది; దానిని పూడ్చాలంటే మరింత శక్తిమంతమైన దీపాలు కావాలి. అంతకు మించిన అడ్డంకి మరొకటి: రహదారిపై వాహనాలన్నిటికీ పొర ఉంటేనే ప్రయోజనం. ముందుగా కొన్నవారికి ఖర్చే మిగులుతుంది, పాత కార్లవారికి ఆ తీవ్ర దీపాలు మరింత బాధాకరం. పాదచారులకైతే ఏ రక్షణా లేదు. ఈ అభ్యంతరాలు నిరాధారమైనవని చెప్పలేము. 1940 నుంచి అమెరికా కార్లకు సీల్డ్ బీమ్ దీపాలు ప్రమాణమయ్యాయి.

హెడ్‌లైట్లు కాదన్న పొర చలువ కళ్లద్దాలలో, కెమెరా ఫిల్టర్లలో స్థిరపడింది. 1947లో ల్యాండ్ తక్షణ ఛాయాచిత్ర విధానాన్ని ప్రదర్శించారు. మరుసటి ఏడు ఆ కెమెరా విపణికి వచ్చింది. అయిదు వందలకు పైగా పేటెంట్లు ఆర్జించిన ల్యాండ్ 1991 మార్చి 1న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో మరణించారు. రహదారులపై చోదకులు అప్పటికీ చేతితో దీపాలు దించుతూనే ఉన్నారు.