పాత టీవీలో ‘బుర్ర్’... దాని వెనక ఒక ఇంజినీరు కథ

తాతయ్య వాళ్లింట్లో అటక మీద పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ దొరికిందనుకోండి. ఆర్‌ఎఫ్ అవుట్ ఉన్న పాత వీసీఆర్ ఒకటి తెచ్చి తగిలించారు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. సౌండ్‌లో మాత్రం ‘బుర్ర్’మని ఒకటే మోత. అదీ ఎప్పుడూ ఒకేలా లేదు. తెర మీద తెల్లటి అక్షరాలు పడితే పెరుగుతోంది, పోతే తగ్గుతోంది. ఏం పాడైనట్టు?

స్పీకర్ మార్చేద్దాం అంటారు చాలామంది. ఆగండి. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వినండి. అయినా సన్నగా గుంయ్‌మంటూనే ఉంటే మామూలుగా అది పవర్ సప్లయ్ గొడవ, ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. వాల్యూమ్‌తో పాటు మోత కూడా తగ్గిందంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్‌కు ముందే ఉంది. పైగా బొమ్మను బట్టి మారుతోందంటే వీడియో సిగ్నల్ సౌండ్‌లోకి దూరుతోందన్నమాట. ఒక్క స్క్రూ విప్పకుండానే సగం సర్క్యూట్‌ను పక్కన పెట్టేశారు చూశారా! (స్క్రూ విప్పాలనుకుంటే పక్కన తెలిసిన మెకానిక్ ఉండాల్సిందే. ప్లగ్ తీసేశాక కూడా పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులు నిలవ ఉంటాయి.)

మరి దూరకూడని చోటికి వీడియో ఎలా దూరింది? అది తెలియాలంటే ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి తెలియాలి. ఈసీఈ వాళ్లు ఈ పేరు సిలబస్‌లో ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఆయన జీవితం మాత్రం సిలబస్‌లో ఉండదు.

1890లో న్యూయార్క్‌లో పుట్టారు. చిన్నప్పుడు జబ్బు చేసి రెండేళ్ల దాకా ఇల్లు కదల్లేదు. ఒంటరిగా కూర్చుని యంత్రాలు విప్పడం, బిగించడం అప్పుడే అలవాటైంది. కాస్త పెద్దయ్యాక యాంకర్స్‌లోని ఇంటి పెరట్లో 125 అడుగుల యాంటెనా స్తంభం కట్టి దాని మీదికి ఎక్కేవాడు ఆ కుర్రాడు. ఎత్తులంటే ఆ పిచ్చి చివరిదాకా పోలేదు.

కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆడియన్ అనే వాక్యూమ్ ట్యూబ్ ఆయన చేతికొచ్చింది. కనిపెట్టింది లీ డి ఫారెస్ట్. చిత్రం ఏంటంటే, అది లోపల ఎలా పనిచేస్తుందో డి ఫారెస్ట్‌కే సరిగా తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ మీటర్లు పెట్టి ఓపిగ్గా కొలిచారు. ప్లేట్ నుంచి వచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి గ్రిడ్‌కు ఇస్తే ఏమవుతుందని 1912లో చేసి చూశారు. సన్నగా వినిపించే స్టేషన్లు గదంతా వినిపించాయి. అదే రీజెనరేషన్, పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. అప్పటికి ఆయనింకా స్టూడెంటే.

పేటెంట్‌కు డబ్బు కావాలి. నాన్న, ముందు డిగ్రీ పూర్తి చెయ్యమన్నారు. చేసేదిలేక 1913 జనవరి 31న సర్క్యూట్ బొమ్మ గీసి నోటరీ చేయించుకున్నారు. ఇప్పటి లెక్కలో తేదీతో సహా గిట్ కమిట్ అనుకోండి. ఆ ఏడాది అక్టోబరుకు గానీ పేటెంట్ దరఖాస్తు వెళ్లలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున పారిస్‌లో ఉండగా, 1918లో సూపర్‌హెటరోడైన్ రిసీవర్ రూపొందించారు. వచ్చిన ప్రతి సిగ్నల్‌ను ఒకే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీకి మార్చి, అక్కడే యాంప్లిఫై చేయడం దాని కిటుకు. మీ అటక మీది టీవీ ట్యూనర్ చేసేదీ ఇదే. తర్వాత ఇంకో సర్క్యూట్‌ను ఆర్‌సీఏకు అమ్మి, దాని షేర్లు తీసుకుని ఆ కంపెనీలో అందరికన్నా పెద్ద వ్యక్తిగత వాటాదారు అయ్యారు. ఆర్‌సీఏలో పెద్ద హోదాలో ఉన్న డేవిడ్ సార్నాఫ్ స్నేహితుడయ్యారు. సార్నాఫ్ సెక్రటరీ మేరియన్‌ను 1923లో పెళ్లి చేసుకున్నారు. అన్నీ కలిసొచ్చిన రోజులు.

ఈలోగా రీజెనరేషన్ తనదేనని డి ఫారెస్ట్ కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచింది. 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ వైపే తీర్పిచ్చింది. ఆ తీర్పులో సాంకేతికంగా పొరపాట్లున్నాయని ఇంజినీర్లు గట్టిగా అన్నారు. రేడియో ఇంజినీర్ల సంస్థ ఐఆర్‌ఈ గతంలో తనకిచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగిచ్చేయబోతే, సంస్థ తీసుకోనంది. తోటి ఇంజినీర్లు ఒప్పుకున్నదాన్ని కోర్టు ఒప్పుకోలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు నెట్‌లో కొనుక్కుని ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు నీళ్లు నమిలే వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ కేసే గుర్తొస్తుంది. తేడా ఒక్కటే, అక్కడ నీళ్లు నమిలినాయన గెలిచాడు!

అసలు పెద్ద పని రేడియోలో గరగర పోగొట్టడం. అప్పటి ఏఎం రేడియోలో సమాచారం అంతా సిగ్నల్ ఎత్తులో, అంటే యాంప్లిట్యూడ్‌లో ఉండేది. మెరుపు మెరిసినా, మోటార్ తిరిగినా మారేది కూడా ఆ ఎత్తే. అందుకే గరగర, పాట విడదీయరానంతగా కలిసిపోయేవి. ఎత్తుకు బదులు ఫ్రీక్వెన్సీ మారిస్తే? ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1922లో జాన్ కార్సన్ లెక్క వేసి, దాంతో లాభం లేదని తేల్చేశారు. అవును, గేట్‌లో మీరు కట్టే కార్సన్ రూల్ ఆయనదే. లెక్క తప్పు కాదు. కాకపోతే బ్యాండ్‌విడ్త్‌ను ఎంత ఇరుకుగా వాడితే అంత మంచిదనే దృష్టితో వేసిన లెక్క అది. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని తిరగేశారు. ఫ్రీక్వెన్సీని బాగా వెడల్పుగా ఊపి, రిసీవర్‌లో లిమిటర్ పెట్టి, ఎత్తులో వచ్చే హెచ్చుతగ్గుల్ని కత్తిరించేశారు. దాంతో గరగర పోయింది. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి.

సార్నాఫ్ చూశారు, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద పరీక్షలకు చోటిచ్చారు. 1935లో టెలివిజన్ పనుల కోసం అక్కడి సరంజామా తీసేయమన్నారు. ఆ నవంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్‌లో ఇంజినీర్ల ముందు యాంకర్స్ నుంచి ఎఫ్‌ఎం ప్రసారం వినిపించారు. గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు కూడా స్పష్టంగా వచ్చాయి. తర్వాత న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో 400 అడుగులు దాటిన టవర్ కట్టించి, సొంత డబ్బుతో స్టేషన్ నడిపారు.

1940లో ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లు ఒకేసారి ఇస్తాం, రాయల్టీ మాత్రం కట్టం అంది. మిగతా కంపెనీలు కడుతున్నాయి, మీకొక్కరికే మినహాయింపు ఎలా అని ఆయన ఒప్పుకోలేదు. నన్నడిగితే అది న్యాయమే. కానీ ఆ న్యాయానికి ఎంత ఖర్చవుతుందో ఆయన లెక్క వేసుకున్నట్టు లేదు. 1941లో అమెరికా టీవీ ప్రమాణాలు ఖరారయ్యాయి. టీవీ సౌండ్‌కు ఎఫ్‌ఎంనే ఎంచుకున్నారు. 1945లో ఎఫ్‌ఎం రేడియోను పాత బ్యాండ్ నుంచి 88-108 మెగాహెర్ట్జ్‌కు మార్చారు. అప్పటిదాకా అమ్మిన రేడియోలన్నీ పనికిరాకుండా పోయాయి.

ఇప్పుడు మళ్లీ మన టీవీ దగ్గరికి రండి. మన దగ్గరి పాత సెట్లలో బొమ్మకూ సౌండ్‌కూ మధ్య తేడా 5.5 మెగాహెర్ట్జ్ (అమెరికాలో 4.5). బొమ్మ ఏఎం, సౌండ్ ఎఫ్‌ఎం. రెండూ ఒకే దారిలో వచ్చి, చివర్లో విడిపోతాయి. సౌండ్ సెక్షన్ ఎత్తులోని హెచ్చుతగ్గుల్ని పట్టించుకోకూడదు. ఆ పని లిమిటర్‌ది. రేషియో డిటెక్టర్ ఉన్న సెట్లలో ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ది. అది ఎండిపోయినా, సౌండ్ కాయిల్ ట్యూనింగ్ జరిగినా బొమ్మ తాలూకు హెచ్చుతగ్గులు సౌండ్‌లోకి జారతాయి. ఆ ‘బుర్ర్’ అదే. కొత్త కెపాసిటర్ వేసి, కాయిల్‌ను మోత బాగా తగ్గేచోట నిలిపితే చాలాసార్లు సరిపోతుంది.

ఆ రేషియో డిటెక్టర్ ఆర్‌సీఏలో పుట్టింది. లిమిటర్ అక్కర్లేని పద్ధతి మా దగ్గరుంది, ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంట్లతో మాకు పనిలేదన్నది ఆ కంపెనీ వాదన. అమ్ముడైన ప్రతి టీవీలోనూ తన ఎఫ్‌ఎం ఉందన్నది ఆయన వాదన. 1948లో ఆర్‌సీఏ, ఎన్‌బీసీల మీద కేసు వేశారు. లాయర్లు ఆయన్ను నెలల తరబడి ప్రశ్నలతోనే నిలబెట్టారు. ఎఫ్‌ఎం కోసం అందరికన్నా ఎక్కువ చేసింది మా సంస్థలేనని పాత స్నేహితుడు సార్నాఫ్ వాంగ్మూలమిచ్చారు. పేటెంట్లకు గడువు 17 ఏళ్లు, అంటే 1950తో సరి. వాయిదా పడిన కొద్దీ ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు.

డబ్బు కరిగిపోయింది. ఆ కోపం, ఆ అలసట ఇంట్లోకీ వచ్చాయి. మేరియన్ తన సోదరి ఇంటికి వెళ్లిపోయారు. 1954 జనవరి 31 రాత్రి, 63 ఏళ్ల వయసులో, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రాణం తీసుకున్నారు. (ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఉద్యోగాల వేటలో అలాంటి రాత్రి ఎదురైతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.)

కేసు మాత్రం ఆగలేదు. ఆ డిసెంబరులోనే ఆర్‌సీఏ 10 లక్షల డాలర్లు దాటిన మొత్తానికి రాజీ పడింది. మిగతా కంపెనీలను మేరియన్ వదల్లేదు. ఒక్కొక్కదాని మీదా పోరాడుతూ వచ్చి, చివరిగా 1967లో మోటరోలా మీద గెలిచారు.

ఆల్పైన్ టవర్ ఇప్పటికీ ఉంది. 2001 సెప్టెంబరు 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌తో పాటు దాని మీది యాంటెనాలూ కూలిపోయినప్పుడు, న్యూయార్క్ టీవీ స్టేషన్లు కొన్ని తమ బొమ్మను, సౌండ్‌ను కొంతకాలం ఆ టవర్ నుంచే పంపాయి.