ఇవాన్ పావ్లోవ్ – జ్ఞానేంద్రియాలు, నేర్చుకోవడం

మీ ఇంట్లో చారుకు పోపు పెట్టారు. చిటపట చప్పుడు చెవిన పడింది. ఇంగువ వాసన ముక్కుకు తగిలింది. వెంటనే మీ నోట్లో నీరూరింది. మీరు సీతారాండేరాలో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా జరిగేది ఇదే. అయితే నీరూరించినది చప్పుడా, వాసనా? ఇటువంటి ప్రశ్నలకు ప్రయోగాల ద్వారా జవాబు వెతికిన శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్. ఆయనను గురించి తెలుసుకుందాం.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26న రష్యాలోని ర్యాజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో మతగురువు. చిన్నతనంలో ఎత్తైన గోడ మీద నుంచి పడి బాగా దెబ్బలు తగలడం వల్ల 11 ఏళ్లు వచ్చేదాకా బడికి పోలేకపోయాడు. ఆలస్యంగా మొదలైనా చదువు ఆగలేదు. మతవిద్య మానుకొని, 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు.

ఆ పరిశోధనలోనే ఒక వింత గమనించాడు. ఆహారం నోటికి అందకముందే, దాన్ని తెచ్చే మనిషిని చూడగానే కుక్కకు లాలాజలం ఊరేది. అప్పుడాయన కుక్క చెంపకు శస్త్రచికిత్స చేసి, లాలాజలం బయటికి వచ్చే ఏర్పాటు చేసి, చుక్కలు లెక్కించాడు. మెట్రోనోమ్ చప్పుడు వినిపించి ఆహారం పెట్టేవాడు. కొన్నాళ్లకు చప్పుడు ఒక్కటే లాలాజలం ఊరించింది. ఇదే నిబంధిత ప్రతిచర్య.

మరి రెండు ఉద్దీపనలు కలిసి వస్తే? ఆయన ప్రయోగశాలలో కుక్క చర్మానికి స్పర్శను, చల్లదనాన్ని ఒకేసారి అందించి నేర్పారు. తరువాత విడివిడిగా పరీక్షించారు. స్పర్శ ఒక్కటే రెండూ కలిసినంత పని చేసింది. చల్లదనం పని చేయలేదు. బలమైన ఉద్దీపన బలహీనమైనదాన్ని కప్పివేసింది. బలహీనమైనదాన్ని విడిగా నేర్పితే మాత్రం కుక్క నేర్చుకోగలదు.

1924లో లెనిన్‌గ్రాడ్‌కు వరద వచ్చింది. కుక్కలను నీటిలో ఈదించి కాపాడారు. ఆ భయానికి కొన్ని కుక్కలు నేర్చుకున్నది కోల్పోయాయి. నేర్చినదాన్ని భయం చెరపగలదని పావ్లోవ్ గ్రహించి, దానిపైనా పరిశోధన సాగించాడు. 1936 ఫిబ్రవరి 27న మరణించాడు.

మీరు చేయండి: పోపు పెట్టేటప్పుడు ఒకరోజు దూరం నుంచి చప్పుడు మాత్రమే వినండి. మరొక రోజు చప్పుడు ఆగాక వాసన మాత్రమే చూడండి. నోట్లో నీరు ఎప్పుడు ఎక్కువగా ఊరింది? మీ నోటుపుస్తకంలో రాయండి.