విశ్వవిద్యాలయ శిల్పి డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి

చిన్నమనూరు పేరు చరిత్ర గ్రంథాలలో నిలిచింది రాగి రేకుల వలన. ఇక్కడ లభించిన పాండ్యరాజుల తామ్రశాసనాలలో యుద్ధ విజయాలతో పాటు మరి రెండు కార్యాలు కూడా ఆ వంశపు కీర్తిలో భాగంగా పేర్కొనబడ్డాయి. ఒకటి, మధురలో పండితుల సంఘాన్ని నెలకొల్పడం. రెండవది, మహాభారతాన్ని తమిళం చేయించడం. విద్వాంసులను ఒకచోట చేర్చడమూ, పెద్ద చదువును ప్రజల భాషలోకి తేవడమూ రాజ్యాలను గెలవడంతో సమానమని మన ఊరి శాసనం సుమారు వేయి సంవత్సరాలకు పూర్వమే చాటింది.

ఈ రెండు కార్యాలకూ ఇరవయ్యవ శతాబ్దంలో తన జీవితాన్ని వెచ్చించిన తెలుగు ప్రముఖులలో డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు అగ్రగణ్యులు. ఆయన 1951లో కీర్తిశేషులయ్యారు. మన పాఠశాల పుట్టిన కాలమూ, ఆయన కన్నుమూసిన కాలమూ దాదాపు ఒకటే. అందుచేత ఈ వజ్రోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని స్మరించుకోవడం సముచితమని భావించాను. ఇందుకు మరొక కారణమూ ఉన్నది. దానిని చివర మనవి చేస్తాను.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాది. ఆనాటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. ఆ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లోనే వేరు జిల్లా అయినది. అంటే ఆయన పెరిగినది ఇంట తెలుగూ, వీధిలో తెలుగుతో పాటు తమిళమూ వినిపించే సీమలో. కంబం లోయలో పుట్టి పెరిగిన మనకు ఆ బాల్యాన్ని ఊహించుకోవడానికి వేరే వివరణ అవసరం లేదు. రెండు భాషల నడుమ పెరిగిన బిడ్డ ఏ ఒక్కదానికీ చెందకుండా పోతాడని భయపడేవారికి ఆయన జీవితమే సమాధానం.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజులలోనే ఆయన కవిగా పేరు పొందారు. అనంతపురం ప్రాంతంలో బుక్కరాయసముద్రం చెరువు తెగిపోకుండా తన ప్రాణాన్ని అర్పించిన ముసలమ్మ కథను తీసుకొని, 1899లో కళాశాల పోటీకి ముసలమ్మ మరణము అనే కావ్యాన్ని వ్రాసి బహుమతి గెలుచుకున్నారు. కావ్యనాయికగా రాజకుమార్తెనో, అప్సరసనో కాక ఒక రైతు ఇంటి కోడలిని నిలబెట్టడం ఆనాటికి సాహసం. నవీన కవిత్వానికి దారి తీసిన రచనలలో దానిని సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై యేండ్లు నిండలేదు.

1902లో భారత ప్రభుత్వ విద్యార్థివేతనంపై ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. అక్కడి విద్యార్థుల వాదోపవాద సభ అయిన యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షులుగా ఎన్నికైనారు. ఆ సభలో పేరు తెచ్చుకున్నవారు తరువాత బ్రిటిష్ పార్లమెంటులో ప్రముఖులయ్యే కాలమది. స్వదేశానికి తిరిగి వచ్చి, బరోడాలో కొంతకాలం పనిచేసి, 1909లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు. బోధించే విషయం చరిత్ర. ఆయన రచనా వ్యాసంగం మాత్రం ఆ ఒక్క శాస్త్రానికే పరిమితం కాలేదు.

తెలుగులో శాస్త్ర గ్రంథాలను వెలువరించే సంకల్పంతో కొమర్రాజు లక్ష్మణరావుగారు నడిపిన విజ్ఞాన చంద్రికా మండలికి ఆయన భారత అర్థశాస్త్రము వ్రాసి ఇచ్చారు. ధరలు ఎందుకు పెరుగుతాయి, కూలి ఎలా నిర్ణయమవుతుంది, సంపద ఎలా పుడుతుంది, ఎవరికి చేరుతుంది అనే ప్రశ్నలను ఇంగ్లీషు రాని తెలుగు పాఠకునికి అందించే ప్రయత్నమది. పారిభాషిక పదాలు లేని చోట వాటిని కల్పించుకోవలసిన రోజులు. ఇక 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము మన సాహిత్య విమర్శలో ఒక తుఫాను లేపింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకుంటూ, కథా నిర్మాణం, పాత్రపోషణ, భావనాశక్తి అనే కొలతలతో ప్రబంధాలను తూచి, అనేక ప్రబంధాలలోని కృత్రిమ వర్ణనలను నిర్మొహమాటంగా తిరస్కరించారు. పండితులు ఆయనపై విరుచుకుపడ్డారు. ఆయన తీర్పులన్నీ న్యాయమైనవని ఈనాడు కూడా అందరూ అంగీకరించరు. కానీ కావ్యాన్ని కేవలం పొగడడం కాక పరీక్షించవచ్చునని, అలా పరీక్షించినందువలన కావ్యానికి అవమానం కలుగదని ఆయన తెలుగువారికి నేర్పారు.

1918 నుండి 1921 వరకు ఆయన మైసూరు సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నారు. పంచములని దూరంగా ఉంచబడిన పిల్లలకు సంస్థానంలోని పాఠశాలల తలుపులు తెరిపించడానికి ఆయన గట్టిగా నిలబడ్డారు. ప్రతిఘటన వచ్చినా వెనుదీయలేదు. బడిలో ఒక బిడ్డ ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది ఆ బిడ్డ పుట్టుక కాదనే సూత్రం మన వరకు రావడానికి ఇటువంటివారి పట్టుదల కారణం. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నాకు ఆయన కావ్యాల కన్న కూడా ఈ పని పెద్దదిగా తోస్తుంది.

తరువాత రాజకీయాలలో ప్రవేశించి మద్రాసు శాసనమండలి సభ్యులైనారు. జస్టిస్ పార్టీలో ఉండి, నాయకత్వంతో విభేదించి బయటికి వచ్చారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి ప్రథమ ఉపాధ్యక్షులుగా, అంటే ఈనాటి మాటలో వైస్ ఛాన్సలర్‌గా, ఆయననే వరించారు. ఆ రోజున విశ్వవిద్యాలయమంటే చట్టం, బెజవాడలో ఒక కార్యాలయం, కొన్ని అనుబంధ కళాశాలలు మాత్రమే. కేంద్రస్థానం ఏ ఊరిలో ఉండాలనే వివాదం తీరి, వాల్తేరు కొండల మీద స్థిరపడడానికి కొన్నేండ్లు పట్టింది. పునాదుల పని సాగుతుండగా, 1930లో స్వాతంత్ర్యోద్యమంపై ప్రభుత్వం జరిపిన దమనకాండకు నిరసనగా ఆయన తన పదవికి రాజీనామా చేశారు. తాను నాటిన మొక్క ఇంకా వేరు పట్టక ముందే దానిని విడిచి రావడం ఎంత కష్టమో సంస్థలను పెంచినవారికి తెలుస్తుంది.

1931 నుండి 1936 వరకు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవిలో ఉన్నారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారి విరాళాలు విజ్ఞానశాస్త్ర విభాగాలకు ఊపిరి పోశాయి. యువ శాస్త్రజ్ఞులు వాల్తేరు చేరారు. 1936లో రామలింగారెడ్డిగారు తిరిగి ఎన్నికై, 1949 వరకు పదమూడు సంవత్సరాలు విశ్వవిద్యాలయాన్ని నడిపించారు. సామాన్యంగా కొత్త అధికారి వచ్చినప్పుడు పాత అధికారి తెచ్చినవారు నీడకు జరుగుతారు. ఇక్కడ అలా జరుగలేదు. రాధాకృష్ణన్‌గారి కాలంలో వచ్చినవారే రెడ్డిగారి కాలంలో ఆచార్యులై, తమ శాఖలకు దేశమంతటా పేరు తెచ్చారు.

వారిలో మొదట చెప్పదగినవారు సూరి భగవంతంగారు. కృష్ణాజిల్లాకు చెందినవారు, సర్ సి.వి. రామన్ శిష్యులు. కాంతి ఒక పదార్థం గుండా సాగినప్పుడు అందులో స్వల్పభాగం చెదరి రంగు మారుతుందని రామన్ కనుగొన్నారు. ఆ మార్పును పట్టుకొని స్ఫటికాల లోపలి అమరికను తెలుసుకొనే పనిని భగవంతంగారు వాల్తేరులో సాగించారు. మన వాకిట వేసిన ముగ్గును ఎటు నుండి చూసినా ఒకే రీతిగా కనిపిస్తుంది. అటువంటి సౌష్ఠవమే స్ఫటికాలలోనూ ఉంటుంది. దానిని లెక్కించే గణితాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ ఆయన వెంకటరాయుడుగారితో కలిసి వ్రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రిగారు ఆచార్యులు. ఆయన మన తమిళనాట కావేరి తీరాన ఉన్న కుళితలైలో జన్మించారు. ఇంగ్లండులో రాబర్ట్ రాబిన్‌సన్ వద్ద పరిశోధన చేసి వచ్చినవారు. మొక్కలలోని రంగుపదార్థాలను వేరుచేసి వాటి నిర్మాణాన్ని తేల్చడం ఆయన పరిశోధన. పత్తిపూవులలోని రంగులను వాల్తేరు ప్రయోగశాలలో పరిశీలించారు. నల్లరేగడిలో తరతరాలుగా పత్తి పండించిన మన పూర్వులు నిత్యం చూసిన పసుపుపచ్చని పూవులో ఒక శాస్త్రమంతా దాగి ఉన్నదని అక్కడ నిరూపితమైనది. భూగర్భశాస్త్రానికి వచ్చిన సి. మహదేవన్‌గారు కూడా రామన్ శిష్యవర్గంలోనివారే. ఆ శాఖ చూపు నేలతో ఆగక సముద్రం అడుగుకు కూడా ప్రసరించింది. బంగాళాఖాతం గర్భంలో కనుగొన్న లోయలలో ఒకదానికి ఆంధ్ర అని, మరొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టడం తరువాతి కథ.

ఈ ప్రయోగశాలల ప్రక్కనే తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతంగారు కావ్యపాఠం చెప్పేవారు. గంటి జోగి సోమయాజిగారు తెలుగు భాష పరిణామాన్ని ఇతర ద్రావిడ భాషలతో పోల్చి పరిశోధించి, ఆంధ్ర భాషా వికాసమును వెలువరించారు. కావ్యమూ, స్ఫటికమూ, పూవూ, రాయీ ఒకే ఇంటిలో ఉన్నాయి. ఇంటి పెద్ద స్వయంగా కవి, చరిత్రకారుడు, ఆర్థికవేత్త. ఆయన భౌతికశాస్త్రం చదువుకున్నవారు కారు. తనకు తెలియని శాస్త్రానికి కూడా చోటు, డబ్బు, సమయం ఇవ్వగలగడమే విద్యాధికారికి నిజమైన పరీక్ష. ఆ పరీక్షలో ఆయన నెగ్గారు. మనిషి తెలుగువాడా, తమిళుడా అనేది కాక, పని ఎటువంటిది అనేది అక్కడ కొలత అయినది.

ఆ ఇంటికి పెద్ద ఆపద కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులు అన్నీ పరాయి కప్పుల క్రిందికి చేరాయి. యుద్ధం ముగిశాక తిరిగి వాల్తేరు చేరేవరకు చదువు ఆగకుండా కాపాడిన భారం వైస్ ఛాన్సలర్‌గా రెడ్డిగారిదే.

ఆయన జీవితంలో పరస్పర విరుద్ధంగా తోచేవి లేకపోలేదు. 1930లో ప్రభుత్వానికి నిరసనగా పదవిని వదలిన ఆయనే, తరువాత అదే ప్రభుత్వం నుండి సర్ బిరుదును స్వీకరించారు. తెలుగులో అర్థశాస్త్రం వ్రాసిన ఆయన నడిపిన విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర బోధన, పరిశోధన ఇంగ్లీషులోనే సాగాయి. మొదటిది ఆయన వ్యక్తిగతం. రెండవది ఆయన మనకు విడిచిపోయిన మిగులు పని. వివాహం చేసుకొనక, విద్యాసంస్థలే కుటుంబంగా జీవించి, 1949లో వాల్తేరు విడిచి, 1951 ఫిబ్రవరి 24న ఆయన పరమపదించారు.

ఇప్పుడు మొదట చెప్పదలచి ఆగిన కారణాన్ని మనవి చేస్తాను. ప్రతి జూన్ నెలలోనూ నా గదికి వచ్చే తల్లిదండ్రులు కొందరు అడిగే ప్రశ్న ఒకటే. అమ్మా, తెలుగులో చదివితే పెద్ద చదువుకు పనికివస్తుందా? బజారులో తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు, మరి తెలుగు దేనికి? 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైన తరువాత ఈ ప్రశ్న మరింత బలంగా వినిపిస్తున్నది. తమిళం మన నేల భాష. దానిని మన పిల్లలు శ్రద్ధగా నేర్వవలసిందే, నేర్చుకుంటున్నారు కూడా. కానీ తెలుగు వదిలితేనే పై మెట్టు ఎక్కగలమనే మాటను నేను అంగీకరించలేను. తెలుగులో కావ్యం వ్రాసిన చేతితోనే ఒక మనిషి కేంబ్రిడ్జిలో పేరు తెచ్చుకొని, పది శాస్త్రాలకు ఇల్లు కట్టారు. ఆయనకు తెలుగు అడ్డురాలేదు, అండగా నిలిచింది. పదవులన్నీ ముగిసిన తరువాత కూడా ఆయన పేరును ఈనాటికీ నిలిపినది ఆ తెలుగు రచనలే.

నేనూ తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఉపాధ్యాయ శిక్షణలో మనస్తత్వశాస్త్రం ఇంగ్లీషులో ఎదురైనప్పుడు నిఘంటువు ప్రక్కన పెట్టుకొని రాత్రులు గడిపాను. ఆ కష్టం లేదని పిల్లలకు అబద్ధం చెప్పను. తెలుగులో ఒకసారి అర్థమైన విషయం ఇంగ్లీషులో రెండవసారి చదివినప్పుడు తేలికగా లొంగుతుందని మాత్రం అనుభవంతో చెప్పగలను.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీలో వైద్యులు, ఇంజనీర్లు, వ్యవసాయశాస్త్రం చదివినవారు, లెక్కలు బోధించేవారు, మిల్లులు నడిపేవారు ఉన్నారు. సంవత్సరానికి ఒక్క శనివారం మన బడికి వచ్చి, మీ విషయాన్ని పదవ తరగతి పిల్లలకు తెలుగులో ఒక గంట చెప్పండి. మాటలు దొరకక తడబడినా ఫరవాలేదు. అర్థశాస్త్రం వ్రాసిననాడు రామలింగారెడ్డిగారికి కూడా ఎన్నో మాటలు దొరకలేదు. మన తరగతి గది విశ్వవిద్యాలయం కాదు. కానీ భిన్న శాస్త్రాలవారు ఒక గడప దాటి వచ్చి కూర్చునే ఇల్లుగా దానిని చేసుకోవడం మన చేతిలో పని. ఈ వజ్రోత్సవ సంవత్సరంలో మొదటి శనివారానికి కుర్చీ వేసి ఉంచాను.