రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్

తిరువళ్లూరు వీరరాఘవస్వామికి వైద్య వీరరాఘవుడని పేరు. అమావాస్యనాడు కోనేటిలో బెల్లం కలిపి మొక్కు తీర్చుకోవడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. మొక్కు తీరాక కూడా జబ్బు తగ్గకపోతే, తిరుత్తణి, షోళింగర్ వైపు మనవాళ్లు రోగిని తీసుకుపోయేది వేలూరికే. ఆ వేలూరు ఆసుపత్రి ఎలా పుట్టిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఐడా స్కడర్ గారు 1870 డిసెంబరు 9న మన పక్కనే ఉన్న రాణిపేటలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ అమెరికా మిషనరీ డాక్టర్లే. ఆమెకు మాత్రం ఈ దేశంలో ఉండాలని లేదు. చిన్నప్పుడు చూసిన కరవు, ఆకలి ఆమె మనసును విరిచేశాయి. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలనుకున్నారు. తల్లికి ఒంట్లో బాగాలేదని 1890లో తిండివనం వచ్చింది కూడా కొన్నాళ్లు ఉండి పోదామనే.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ ఇంటి గుమ్మం ఎక్కారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో హిందూ కులస్థుడు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పులతో అల్లాడుతున్నారు. మా నాన్న డాక్టరు, ఆయన వస్తారని ఐడా చెప్పినా ఒక్కరూ ఒప్పుకోలేదు. పరాయి మగవాడు ఆడవాళ్లను చూడటం వాళ్ల ఆచారానికి విరుద్ధం. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. డాక్టరు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు, మందు కూడా ఉంది. అయినా ప్రాణాలు దక్కలేదు.

ఆమె తిరిగి అమెరికా వెళ్లి 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా తీసుకున్నారు. ఆసుపత్రికని న్యూయార్క్ బ్యాంకరు షెల్ గారు, పోయిన భార్య జ్ఞాపకంగా 10,000 డాలర్లు ఇచ్చారు. 1900లో వేలూరు చేరారు. కొద్ది నెలలకే తండ్రి పోయారు. ఇంట్లో ఒక చిన్న గదిలోనే రోగులను చూశారు, సలోమీ అనే స్థానిక స్త్రీకి పని నేర్పి తోడు పెట్టుకున్నారు. 1902లో 40 పడకల ఆసుపత్రి తయారైంది.

ఆసుపత్రి కట్టాక ఆమె అందులోనే కూర్చుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. వారానికోసారి మందులు తీసుకుని గుడియాత్తం దారిపట్టేవారు. మొదట ఎద్దుబండి, తర్వాత ప్యూజో మోటారు కారు. దారి పొడుగునా చెట్ల కింద జనం కాచుకుని ఉండేవారు. కంటి జబ్బులు, పుండ్లు, ఒళ్లు కాలుతున్న పిల్లలు. కూలి పోగొట్టుకుని వేలూరు దాకా రాలేనివాళ్ల కోసం ఆసుపత్రే రోడ్డెక్కింది. ఆ దారిలోని కె.వి. కుప్పంలో 1977 నుంచి అదే సంస్థవారి గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడుస్తోంది.

ఒక్క డాక్టరమ్మ ఎన్ని ఊళ్లు తిరగగలదు? 1909లో నర్సుల బడి పెట్టారు. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచారు. దరఖాస్తులు వస్తాయా అని అధికారులకే అనుమానం. మొదటి ఏడే 151 వచ్చాయి. దరఖాస్తుల బొత్తులతో జీవితమంతా గడిపిన గుమాస్తాలం, ఆ అంకె బరువు మాకు తెలుసు. ఆ రోజుల్లో ఆడపిల్లను మెట్రిక్ దాకా చదివించిన ఇళ్లు ఎన్నని! మగపిల్లలను చేర్చుకోవడం చాలా తర్వాత, నలభైలలో మొదలైంది.

మిషనరీ అనగానే మనలో కొందరు ముఖం తిప్పుకుంటారు. ఆమె మతం ఆమెది. మేము రాస్తున్నది వైద్యం సంగతి.

ఆమె 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. అంతకు రెండు నెలలైనా కాకముందే, ఏప్రిల్ 1న, మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గానీ రోగుల దారి మారలేదు. చిత్తూరువాళ్లూ, తిరుత్తణివాళ్లూ నేటికీ వేలూరుకే పోతున్నారు.

ఇప్పుడు తిరువళ్లూరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, 2022 జనవరిలో ప్రారంభించారు. 2021 ఆగస్టు నుంచి మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అయినా మన ఇళ్లలో కొందరు ఆ కార్యకర్తను గుమ్మం దగ్గరే పంపేస్తున్నారు. పరువు తక్కువ అనుకుంటారో ఏమో. లోపల అవ్వ మాత్రం మోకాళ్ల వాపు, కళ్లు తిరగడం ఎవరికీ చెప్పక దాచుకుంటుంది. కోడలికి తెలిసేసరికి వేలూరు ప్రయాణం.

మీ వీధికి కార్యకర్త ఏ రోజు వస్తారో కనుక్కుని సంఘానికి తెలియజేయండి. వీధులవారీగా పట్టిక రాసి నోటీసు బోర్డు మీద పెడతాము.