కాలిబంతి ఆటగత్తె లిల్లీ పార్

1914లో మహాయుద్ధం ఆరంభం కాగానే ఇంగ్లండులోని మగవారు సైన్యములో చేరిపోయినారు. వారు విడిచిన యంత్రాల ముందు స్త్రీలు నిలిచినారు. ప్రెస్టన్ పట్టణములోని డిక్ కెర్ కర్మాగారంలో అట్లా పనిచేసిన ఆడకూలీలు తీరిక దొరికినప్పుడల్లా ఫుట్‌బాల్ ఆడేవారు. 1917 క్రిస్మస్ నాడు, గాయపడిన సైనికుల ఆసుపత్రి సహాయార్థం వారు ఆడిన పోటీని చూడడానికి పదివేలమంది వచ్చినారు. వేడుకగా మొదలైన ఆట అటుపై నిజమైన క్రీడగా స్థిరపడినది.

ఆ జట్టుకు కీర్తి తెచ్చిన లిల్లీ పార్ 1905 ఏప్రిల్ 26న లాంకషైరులోని సెయింట్ హెలెన్స్‌లో జన్మించినది. గాజు పరిశ్రమకు పేరుపడిన ఊరది. తండ్రి కూలి, ఏడుగురు సంతానంలో ఈమె నాల్గవది. కుట్టుపని, వంటపని ఆమెకు రుచించలేదు. అన్నదమ్ములతో కలిసి వీధిలో బంతి తన్నడమే ఆమె విద్య. పొడవైన మనిషి, ఎడమకాలి దెబ్బకు ఎదురు లేదు. పదునాలుగేండ్లకే సొంత ఊరి జట్టులో ఆడుతుండగా, డిక్ కెర్ జట్టు నిర్వాహకుడు ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లండ్ ఆమెను గమనించి ప్రెస్టన్‌కు పిలిపించినాడు. కర్మాగారంలో ఉద్యోగం, ఆటకు పది షిల్లింగుల భత్యం. సిగరెట్లు కూడా ముట్టేవని చెబుతారు. వృత్తి క్రీడాకారిణి అంటే నేడు మన ఊహకు వచ్చే సంపద అందులో లేదు.

1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో జరిగిన పోటీ చిరస్మరణీయమైనది. చూచినవారు 53,000 మంది. చోటు చాలక వేలమంది వెనుదిరిగినారు. డిక్ కెర్ జట్టు సెయింట్ హెలెన్స్‌పై నాలుగు గోల్స్‌తో గెలిచినది. అప్పటికి లిల్లీ వయస్సు పదునైదు.

అంతటి ఆదరణే ఈ జట్లకు ముప్పు తెచ్చినదేమో! 1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసినది. ఈ ఆట స్త్రీలకు తగదనీ, వసూలైన ధనంలో ఖర్చుల పేర మితిమీరి పోతున్నదనీ కారణాలు చూపి, తన క్రింది క్లబ్బులేవీ మైదానాలను స్త్రీల జట్లకు ఇవ్వరాదని శాసించినది. ఆస్పత్రులకూ, గని కార్మికుల కుటుంబాలకూ ధనం కూర్చిపెట్టినవారిపై ఈ నింద! పురుషుల పోటీలకు జనం తగ్గుతారనే భయమే అసలు కారణమని పలువురి అభిప్రాయం. అది నిరాధారమని కొట్టివేయడం కష్టం.

పెద్ద మైదానాల తలుపులు మూతపడగా చాలా జట్లు క్రమంగా చెదరిపోయినవి. లిల్లీ ఆట మానలేదు. 1922లో జట్టుతో అట్లాంటిక్ దాటినది. కెనడా సంఘం ఆడనీయకపోగా, అమెరికాలో ఎదురుగా నిలిచినవి పురుషుల జట్లు. వారితో తొమ్మిది పోటీలు ఆడి, కొన్నింటిలో గెలిచి తిరిగివచ్చినారు.

తరువాత ఆమె ప్రెస్టన్ సమీపంలోని విటింగ్‌హామ్ మానసిక చికిత్సాలయంలో నర్సుగా చేరినది. అన్నం పెట్టినది ఆ కొలువే. పగలు రోగుల సేవ. తీరిక దినాలలో ఎవరైనా చోటిచ్చిన పచ్చికబీడులో ఆట. జట్టు పేరు మారినది, తోటివారు పెండ్లిండ్లు చేసుకొని విడిపోయినారు, మరొక మహాయుద్ధం వచ్చి పోయినది. 1951లో, నలుబదారేండ్ల వయస్సులో గాని ఆమె విరమించలేదు. గోల్స్ లెక్క వేయికి దగ్గరని చెబుతారు. ఆ లెక్కపై వివాదమున్నది.

నిషేధం తొలగేసరికి 1971 వచ్చినది. అప్పుడామెకు అరువదారేండ్లు. 1978 మే 24న కాన్సరు వ్యాధితో మరణించినది. 2002లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం తన కీర్తిమందిరంలో తొలి స్త్రీగా ఆమె పేరు చేర్చినది. 2019లో మాంచెస్టరులోని ఆ మ్యూజియంలో ఆమె కంచు విగ్రహం నెలకొన్నది. విగ్రహం చేతిలో కప్పు ఏదీ లేదు. కాలి వద్ద బంతి ఉన్నది.