అతిధ్వని శోధకుడు సూరి భగవంతం

కుండ కొనేవారు ముందుగా దానిని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమని మోగితే గట్టిదని, బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉందని గ్రహిస్తారు. వస్తువును పగలగొట్టకుండానే దాని లోపలి గుణదోషాలను ధ్వని ద్వారా తెలుసుకోవడం మన పెద్దల అనుభవంలో ఉన్న విద్యే. ఆ అనుభవానికి కొలతను, గణితాన్ని చేకూర్చినది అతిధ్వని శాస్త్రం. సెకనుకు 20,000కు మించిన కంపనాలతో, మనిషి చెవికి వినబడని ధ్వనులే అతిధ్వనులు. తెలుగునేలపై ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యులు ఆచార్య సూరి భగవంతం.

భగవంతం 1909 అక్టోబరు 14న జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి పట్టభద్రులయ్యారు. 1928లో కలకత్తా వెళ్లి సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధకులుగా చేరారు. రామన్ ఫలితం లోకానికి వెల్లడైన సంవత్సరం అదే. గురువు సన్నిధిలో కాంతి స్వభావాన్ని అధ్యయనం చేసిన ఆయన, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరి, అనతికాలంలోనే ఆచార్య పదవిని అందుకున్నారు.

ద్రవంలో అతిధ్వని తరంగాలు పయనించేటప్పుడు దాని గుండా పోయే కాంతి వివర్తనం చెందుతుందని 1932లోనే అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్సులో లూకాస్, బికార్ నిరూపించారు. రామన్, నాగేంద్రనాథ్ కొద్ది కాలానికే ఆ దృగ్విషయానికి సిద్ధాంతాన్ని సమకూర్చారు. కంటికి కనబడని ధ్వనికి కాంతి సాక్ష్యం పలుకుతున్నదన్నమాట. ఈ సాక్ష్యంతో ఘనపదార్థాల అంతర్గుణాలను కొలవవచ్చునని భగవంతం భావించారు.

అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను బాంబులు పడిన తరువాత విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. విదేశీ పరికరాలు దొరకడం దుర్లభమైన రోజులవి. అటువంటి కాలంలోనే భగవంతం, ఆయన శిష్యులు భీమసేనాచార్ ఒక సులభమైన పద్ధతిని రూపొందించారు. ఒక అంచున పలుచగా ఉండి క్రమంగా మందమయ్యేటట్లు అరగదీసిన క్వార్ట్జ్ స్ఫటికపు పలకను వారు వినియోగించారు. విద్యుత్తు పౌనఃపున్యాన్ని మార్చినకొద్దీ ఆ పలకలో తగిన మందం గల భాగం కంపించి అతిధ్వనిని పుట్టిస్తుంది. ఆ ధ్వనిని పరీక్షించవలసిన స్ఫటికం గుండా పంపి, అది ఏ పౌనఃపున్యం వద్ద అధికంగా ప్రసరిస్తున్నదో కాంతి వివర్తనం ద్వారా గుర్తించేవారు. దానినిబట్టి ధ్వని వేగాన్ని, వేగాన్నిబట్టి స్థితిస్థాపకతను లెక్కించేవారు.

ఈ పద్ధతిలో వారు వజ్రపు స్థితిస్థాపక స్థిరాంకాలను నిర్ణయించారు. ఫలితాలు 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. అయితే 1957లో అమెరికా శాస్త్రజ్ఞులు మెరుగైన సాధనాలతో తిరిగి కొలవగా, మూడు స్థిరాంకాలలో ఒకటి వీరు చెప్పిన విలువలో సుమారు మూడోవంతు మాత్రమేనని తేలింది. ఇది తొలి ప్రయత్నానికి అగౌరవం కాదు. కొలిచిన తీరును దాచక ప్రకటించినందువల్లనే తరువాతివారు దానిని పరీక్షించి సరిదిద్దగలిగారు. శాస్త్రం ముందడుగు వేసేది ఈ విధంగానే.

వేగాన్ని ఇంత శ్రద్ధగా కొలవడం ఎందుకన్న సందేహం కలగవచ్చు. ఉక్కులో అతిధ్వని సెకనుకు దాదాపు 5,900 మీటర్ల వేగంతో పయనిస్తుంది. లోపల పగులు ఉంటే అక్కడ తగిలి ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వని సెకనులో పదిలక్షల భాగాలలో 20 భాగాల కాలంలో తిరిగి వస్తే, పగులు 59 మిల్లీమీటర్ల లోతున ఉన్నట్లు లెక్క. వేగం తెలియనిదే లోతు తెలియదు. నేడు రేణిగుంట కూడలి గుండా సాగే రైలుపట్టాలను, బాయిలర్లను, విమాన భాగాలను, కాంక్రీటు కట్టడాలను పరీక్షించేది ఈ సూత్రంతోనే. పట్టాలోని పగులు సకాలంలో బయటపడితే వందలాది ప్రయాణికుల ప్రాణాలు నిలుస్తాయి. తల్లి గర్భంలోని శిశువును వైద్యులు చూడగలగడమూ ప్రతిధ్వని చలవే.

తరువాతి కాలంలో భగవంతం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా వ్యవహరించారు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవలందించారు. స్ఫటికాల సౌష్ఠవం గురించి, భౌతికశాస్త్రంలో సమూహ సిద్ధాంతం గురించి ఆయన రచించిన గ్రంథాలు విద్వాంసుల మన్ననలు పొందాయి. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

పైకి నునుపుగా కనిపించే వస్తువులో లోపం దాగి ఉండవచ్చు. దానిని ముందుగా గుర్తించడం వివేకం. తన కొలతను సైతం పరీక్షకు నిలబెట్టడం శాస్త్రజ్ఞుని ధర్మం. ఈ రెండింటినీ ఆచరించి చూపిన భగవంతం జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.